తిరగేసి చూడండి: గోదారి లంకల్లో కొత్తరకం చేతిపని పట్టుకుని నెట్‌లో పెట్టేదాకా

పోయిన సంక్రాంతికి మా ఊరి గుళ్ళో ఒక పెద్దాయన ధాన్యం కుచ్చు అల్లుతుంటే 20 సెకన్ల వీడియో తీసి పెట్టాను, ఎడిటింగేం లేదు, పాట కూడా పెట్టలేదు. దానికింద సగం మంది అడిగింది ఒకటే, "ఇలాంటివి మీకే ఎక్కడ దొరుకుతాయండీ బాబూ" అని. ఎక్కడో కాదండి, మీ మేనత్తగారి చూరు కిందే ఉంటాయి, కాకపోతే మనం వాటిని ముందునుంచి చూసి వెళ్ళిపోతాం. ఆ కుచ్చునే తీసుకోండి, ముందునుంచి చూస్తే వరికంకుల గుత్తి, అంతే. కిందకి దింపించి తిరగేసి చూస్తే లోపల కాడలన్నీ జడ అల్లినట్టు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి ఉన్నాయి, పైన వేలాడదియ్యటానికి కట్టిన పురి తప్ప ఇంకెక్కడా తాడు లేదు, పిచ్చుకలు వేలాడి గింజ లాగినా కుచ్చు ఊడదు. నేను పెట్టింది ఆ వెనకవైపు వీడియో. ముందువైపు ఫొటో అంతకుముందు ఏడాది పెడితే మా చుట్టాలు తప్ప ఎవరూ చూడలేదు.

కాబట్టి ఈ గైడంతా ఆ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుద్ది. ఎక్కడ వెతకాలి, దొరికింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి, చేసినవాళ్ళతో ఎలా మాట్లాడాలి, ఫోన్‌తో ఎలా తియ్యాలి, కింద ఏం రాయాలి, ఇవన్నీ నేను చేసే వరసలోనే చెప్తాను. కొన్ని చోట్ల ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

1. "బాగుంది" వేరు, "ఎలా చేశారబ్బా" వేరు

ముందు ఏది షేర్ చెయ్యాలో తేల్చుకోవాలి. అందంగా ఉన్నవన్నీ పెట్టుకుంటూ పోతే అది పెళ్ళి ఆల్బం అవుద్ది. నేను ఒక వస్తువు చూడగానే మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది ఏ ఇబ్బందికి పరిష్కారం? చుట్టుపక్కల దొరికే ఏ సరుకుతో చేశారు? వాళ్ళమ్మో నాన్నో చేసినదానికి వీళ్ళు మార్చింది ఏంటి? మూడిట్లో రెండిటికి గట్టి జవాబు వస్తే ఫోన్ బయటికి తీస్తాను, లేకపోతే ఊరికే చూసి ఆనందించి వచ్చేస్తాను.

ఉదాహరణకి పూతరేకు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ప్రాంతపు వస్తువే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అప్పట్నుంచి రీల్స్‌లో నెయ్యి పోసి చుట్టే సీనే తిప్పి తిప్పి పెడుతున్నారు. కానీ అసలు డిజైనంతా ఆ కుండలో ఉందండి. మామూలు కుండ కాదు, బోర్లించి పెట్టినట్టుంటది, పక్కన మంట పెట్టటానికి నోరు ఉంటది, ఎండు కొబ్బరాకు సన్నగా ఎగేస్తుంటారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి పాల కన్నా పల్చగా కలుపుకుని, పల్చటి గుడ్డ అందులో ముంచి, ఆ కాలే కుండ అడుగు మీద ఒక్క లాగు లాగుతారు. ఆవిరి పైకి లేచేలోపు రేకు ఆరిపోయి అంచు దానంతటదే లేస్తది, చేత్తో తియ్యటమే. గుడ్డ కాస్త నెమ్మదిగా లాగితే రేకు మందం అవుద్ది, మంట ఎక్కువైతే చిల్లులు పడతాయి. కాగితం కన్నా పల్చటి తిండి వస్తువుని ఒక మట్టికుండ, ఒక గుడ్డముక్క, ఎండు కొబ్బరాకుతో చేస్తున్నారంటే అది వంట కాదండి, ఇంజినీరింగ్. పై మూడు ప్రశ్నల్లో మొదటి రెండూ ఇందులోనే ఉన్నాయి, మూడోదానికి మాత్రం ఆ పొయ్యి ముందు కూర్చున్నామెని అడగాలి, ఎండుద్రాక్షా జీడిపప్పూ ఎప్పుడు మొదలెట్టారని కాదు, కుండలో ఏం మార్చారని.

అందం ఎక్కువ లేని వస్తువులు కూడా ఈ పరీక్షలో పాసవుతాయి. మన దగ్గరిది కాదుగానీ, తెలంగాణలో ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మగారికి ఆసు (చీర నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో అటూఇటూ తిప్పే పని) పోసి పోసి భుజం పడిపోతోందని ఆసు మిషన్ తయారు చేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ మిషన్ చూడటానికి ఏమంత ముచ్చటగా ఉండదు. కానీ దాని వెనకున్న భుజం నొప్పి తెలిశాక కళ్ళు తిప్పుకోలేం. మన లంకల్లో కూడా పడవకీ, బావికీ, కొబ్బరి వలవటానికీ ఎవరికి వాళ్ళు చేసుకున్న పరికరాలు బోలెడు, వాటిని క్రాఫ్ట్ అని ఎవరూ అనరు, నేనంటాను.

2. కంటికి కాస్త సాధన

ఇది చిన్న మెట్టే గానీ దాటేయకండి. రాజమండ్రి వెళ్ళినప్పుడు బట్టలషాపుల పని అయిపోయాక ఒక గంట దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. ఆయన చిత్రకారుడు, 1897లో పుట్టి 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన్ని పట్టుకుని ప్రోత్సహించి బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్‌కి దారి చూపించాడు. ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడండి, మొహాలు కాకుండా చేతులు ఎలా వేశాడో, గీత ఎక్కడ ఆపాడో చూడండి. నేను మొదట్లో అరగంటలో మొత్తం గ్యాలరీ చూసేసి బయటపడ్డాను, ఏం చూశావురా అంటే ఒక్కటీ గుర్తులేదు. రెండోసారి మూడే మూడు బొమ్మలు చూశాను.

అలాగే అక్షరాలు. బాపు గారు పుట్టింది పశ్చిమ గోదావరిలోనే, ఆయన రాత తర్వాత ఫాంటుగా కూడా వచ్చింది, ఇవాళ శుభలేఖల్లో సగం ఆ పోలికే. దాని పక్కన మీ ఊరి సైన్‌బోర్డు ఆర్టిస్టు ట్రాక్టరు తొట్టి మీద రాసిన "దీవించు తల్లీ" పెట్టి చూడండి, 'ల్లీ' ఎలా తిప్పాడో, చోటు చాలనప్పుడు ఒత్తుని ఎక్కడ దూర్చాడో. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతులు తగ్గిపోయాయి, దొరికినప్పుడే పట్టుకోండి.

3. ఎక్కడ, ఎప్పుడు

జనం ఊర్ల లిస్టు అడుగుతారు, నేను మాత్రం ముందు క్యాలెండర్ చూసుకోమంటాను. మన దగ్గర చేతిపని కాలాన్నిబట్టి బయటపడుద్ది. ధనుర్మాసంలో ముగ్గులు, గొబ్బెమ్మలు. కోతలయ్యాక కుచ్చులు. పెళ్ళిళ్ళ సీజన్లో పంచదార చిలకల చెక్క అచ్చులు అటకమీదనుంచి దిగుతాయి, అడ్డుతెరలు, పెళ్ళికూతురి చేతిలో పెట్టే కొబ్బరిబొండాలకి ముత్యాలు, రంగులు, పేర్లు అద్దటం ఇప్పుడు కొందరికి పూర్తిస్థాయి పని. కార్తీకంలో అరటిదొప్పల దీపాలు. మాఘంలో అంతర్వేది తీర్థం, అక్కడ స్వామి దర్శనం ఎంత ముఖ్యమో బయట బొమ్మలకొట్లు కూడా అంతే, నా మట్టుకు నాకు.

కనుమ రోజు మాత్రం ఇంకేం పెట్టుకోకండి, అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకి వెళ్ళిపోండి. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి గుడ్డలతో అలంకరించిన ఎత్తైన చట్రాలు, పదకొండు ఊళ్ళనుంచి వస్తాయి. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్రం శకటం ఇదే. అందరూ ప్రభలు కౌశిక కాలువ దాటే సీను డ్రోన్‌తో తీస్తారు, బాగుంటది, కాదనను. కానీ మీరు మూడు నాలుగు రోజుల ముందు ఏదన్నా ఒక ఊళ్ళో ప్రభ కట్టే చోటికి వెళ్ళండి. వెనక్కి వెళ్ళి నిలబడండి. ముందువైపు రంగు గుడ్డలు, ఊలు దారాలు, నెమలి ఈకలు, వరికంకులు. వెనకవైపు వెదురు. ఏ బొంగు ఎక్కడ దాటాలి, ఏ కట్టు గట్టిగా బిగించాలి, ఏది కాస్త వదులుగా ఉంచాలి, ఎందుకంటే అంత ఎత్తు సరుకుని మనుషులు భుజాల మీద వరిచేలో నడిపించాలి, నీళ్ళలో దింపాలి, గాలి తోస్తే వంగాలి గానీ విరక్కూడదు. కిందటేడు ఒకతను కట్టు కడుతూ "బిగిస్తే ఇరిగిపోద్దండి, ఆయ్, దానిక్కూడా ఊపిరాడాలి కదా" అన్నాడు. ఆ మాట వినటానికే వెళ్ళాలి. ఊలుతో వేసే ఆ గళ్ళ డిజైన్లు కూడా ఏటేటా మారతాయి, ఊరికీ ఊరికీ పోటీ, కుర్రాళ్ళు గుట్టుగా ఉంచుతారు, పండగ రోజు దాకా ఫొటో పెట్టొద్దంటారు, పెట్టకండి.

ఇక ఊళ్ళు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టూ లేసు. పెరవలి మండలం అజ్జరంలో ఇత్తడి, గుడిగంటలూ బిందెలూ మకరతోరణాలూ, మట్టి అచ్చులో కరిగిన ఇత్తడి పోసే రోజు తెలుసుకుని వెళ్తే తప్ప మీకు కనిపించేది మెరుగుపెట్టిన సామాను మాత్రమే. అమలాపురం పక్క బండారులంక, ఇంకా మోరి, అంగర, పులగుర్త, ఇవన్నీ మగ్గాల ఊళ్ళు. ఉప్పాడ సరిగ్గా డెల్టా కాదుగానీ కాకినాడ దాటి ఒక అడుగు, అక్కడి జాందానీ నేత చీరలకి 2009లో జీఐ వచ్చింది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలు. తాళ్ళరేవు వైపు చెక్కపడవలు, కోరంగి అంటే ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు, 1839 తుపానుకి దెబ్బతింది గానీ చెయ్యి మాత్రం పోలేదు. కొత్తపేటలో విగ్రహాలు, ఊరూరా సెంటర్లో చెయ్యెత్తి నిలబడే నాయకుల్లో చాలామంది అక్కడ పుట్టినవాళ్ళే. కడియం నర్సరీల్లో మొక్కల్ని ఏనుగులూ నెమళ్ళూగా కత్తిరిస్తారు, ఆ లోపలి ఇనపచట్రం చూపించమనండి.

ఒక సలహా: పెద్ద షోరూముకి వెళ్ళి చేసినవాళ్ళ అడ్రసు అడిగితే చెప్పరు. దారం అమ్మే కొట్టులో అడగండి, ఊలు అమ్మే కొట్టులో అడగండి. "ఈ రంగు ఎవరు పట్టుకెళ్తారండి ఎక్కువ" అంటే చాలు, వీధి పేరుతో సహా చెప్తారు.

4. నెట్‌లో వెతకటం

ఇంట్లో కూర్చుని వెతికేటప్పుడు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో వెతికితే అందరికీ దొరికిందే మీకూ దొరుకుద్ది. తెలుగులో, వాళ్ళు పిలిచే మాటతో కొట్టండి: "లేసు అల్లిక", "అతుకుపని", "ప్రభ కట్టడం", "ధాన్యం కుచ్చు అల్లడం". యూట్యూబులో అప్‌లోడ్ తేదీ ఫిల్టర్ పెట్టి చిన్న చిన్న ఛానెళ్ళు చూడండి, నలభై వ్యూస్ ఉన్న వీడియోలో చివర్న కెమెరా అటు తిరిగినప్పుడు వెనక గోడకి తగిలించిన వస్తువు, అదే మీ తర్వాతి ప్రయాణం.

ఊరి పేర్ల దగ్గర రెండు చిక్కులున్నాయి. నరసాపురం, నర్సాపురం, నర్సాపూర్ అన్నీ కొట్టాలి, పైగా తెలంగాణలో కూడా నర్సాపూర్ ఉంది, లొకేషన్ చూడకుండా కంగారు పడొద్దు. రెండోది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. పాత పేజీల్లో ఉప్పాడ, అమలాపురం రెండూ తూర్పు గోదావరి అనే ఉంటాయి, ఇప్పుడు ఒకటి కాకినాడ జిల్లా, ఒకటి కోనసీమ. రెండు పేర్లతోనూ వెతక్కపోతే సగం సమాచారం తప్పిపోద్ది, మీరు పెట్టేటప్పుడు కూడా రెండూ రాస్తే పదేళ్ళ తర్వాత వెతికేవాడికి పుణ్యం.

దొరికినదాన్ని దాచుకోవటానికి నేను పెద్ద యాప్‌లేం వాడను, వాట్సాప్‌లో నాకు నేనే ఒక గ్రూపు. లింకు, ఊరు, ఎవరు చెప్పారు, అంతే.

5. నిజమా, కాదా

ఇక్కడ కాస్త ఆగాలి. ఈమధ్య ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక రకం ఫొటోలు తిరుగుతున్నాయి, కొబ్బరిమట్టలతోనో ప్లాస్టిక్ సీసాలతోనో చేసిన నిలువెత్తు దేవుడు, పక్కన చిరిగిన చొక్కాతో పిల్లాడు, కింద "నేనే చేశాను, ఎవరూ మెచ్చుకోవట్లేదు". మా బాబాయ్ రోజుకొకటి పంపి దండం బొమ్మ పెడతాడు. అన్నీ ఏఐ. పట్టుకోవటం తేలికే, అల్లిక ఉన్నచోట పెద్దది చేసి ఒక్క దారాన్ని మొదట్నుంచి చివరిదాకా కంటితో వెంబడించండి. నిజమైన అల్లికలో దారం ఎక్కడికో వెళ్తది. ఏఐ అల్లికలో మధ్యలో కరిగిపోద్ది, లేదా రెండు కుట్లు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. వెనక బోర్డు మీద అక్షరాలు చదవండి, తెలుగులా ఉంటది, తెలుగు కాదు. గూగుల్ లెన్స్‌లో వేసి ఇంకెక్కడ, ఎప్పుడు వచ్చిందో చూడండి. ఒకటే బొమ్మకి వేరే కోణంలో ఇంకో ఫొటో, పోనీ వెనకవైపు ఫొటో ఒక్కటి కూడా ఎక్కడా లేకపోతే అనుమానించాల్సిందే.

నాకూ తగిలిందండి దెబ్బ. కొబ్బరిచిప్ప దీపం ఒకటి, ఎంత నునుపుగా చెక్కారో, మన కోనసీమ పనితనం చూడండంటూ పొగిడి పెట్టేశాను. గంటలో ఒకాయన వచ్చి అది కేరళదని, అసలు ఫొటో లింకుతో సహా పెట్టాడు. కొబ్బరి కనిపిస్తే చాలు కోనసీమ అనుకునే పొగరు నాది, తీసేసి సారీ చెప్పాను.

బట్టల దగ్గర మోసం వేరే రకం. ఉప్పాడ అని చెప్పి మిషన్ చీరలు అమ్ముతారు, ఫొటోలో తేడా తెలీదు, అందుకే తిరగెయ్యాలి. జాందానీలో బుటా (చిన్న పువ్వులాంటి డిజైన్) ఉన్నంత మేరే అదనపు పేకదారం, అంటే అడ్డదారం, చేత్తో వేసి అక్కడే వెనక్కి తిప్పుతారు, కాబట్టి వెనకవైపు కూడా బుటా దాదాపు ముందులాగే శుభ్రంగా ఉంటది. మిషన్ మీద వేసినదాంట్లో ఒక బుటానుంచి ఇంకో బుటాకి దారాలు వెనకాల తేలుతుంటాయి, లేదా కత్తిరించేసి గరుగ్గా నూలుపోగులు మిగులుతాయి. గోరు పెట్టి గీరితే తెలిసిపోద్ది. చేనేత అన్నదానికి 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, అదీ చూడండి.

జీఐ గురించి కూడా చాలామంది పొరబడతారు. జీఐ అంటే ఆ ప్రాంతపు వస్తువుకి గుర్తింపు, షాపుకి కాదు. ఆ పేరు వాడేవాళ్ళు అధీకృత వాడకందారులుగా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో నమోదవ్వాలి. నరసాపురం లేసుకి 2024లో వచ్చింది గదా అని హైవే మీద బోర్డు కట్టిన ప్రతీదీ నరసాపురం లేసు అయిపోదు. మిషన్ లేసు క్రోషేకి (కొక్కెం సూదితో చేత్తో అల్లే అల్లికకి) పోలికే తప్ప క్రోషే కాదు, పువ్వులన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కలాగే ఉంటాయి. చేతిపనిలో పువ్వులు ఒకరు అల్లుతారు, అతుకుపని ఇంకొకరు చేస్తారు, అందుకే పెద్ద టేబుల్ క్లాత్ తిరగేస్తే అతుకుల దగ్గర చెయ్యి మారటం కనిపిస్తది. ఒకే గుడ్డలో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళ చేతులు. స్కాట్లండ్ మిషనరీలు ఇక్కడికి తెచ్చి నూట డెబ్భై ఏళ్ళ పైనే అయింది, ఇప్పటికీ చాలామంది "ఖాళీగా కూర్చోలేక అల్లుతున్నా నాయనా" అంటారు గానీ పని అనరు. మీరు మాత్రం పని అనే రాయండి.

6. చేసినవాళ్ళతో మాట్లాడటం

ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళండి. మొదటి పావుగంట ఫొటో మాట ఎత్తొద్దు. మంచినీళ్ళిస్తే తాగండి, అరుగు మీద కూర్చోండి. "ఎన్నాళ్ళుగా చేస్తున్నారండి" అని టీవీ వాళ్ళలా అడిగితే టీవీ జవాబే వస్తది, చిన్నప్పట్నుంచీ అని. "ఇందులో ఏది ఎక్కువ విసిగిస్తదండి మిమ్మల్ని" అని అడగండి, అప్పుడు తలుపు తెరుచుకుద్ది. ఇంకో మంచి ప్రశ్న, "పాడైపోయింది ఏదన్నా ఉందాండి, చూపిస్తారా". పాడైనదాంట్లో పని లోపలంతా కనిపిస్తది, చిల్లు పడ్డ పూతరేకు, సగంలో వదిలేసిన లేసు, పగిలిన అచ్చు.

అనుమతి సంగతి ఇప్పుడు చెప్తాను, ఇది నా మెడకి చుట్టుకున్న వ్యవహారం. మూడేళ్ళ కిందట పాలకొల్లు దగ్గర ఒక మామ్మగారు లేసులో కొత్త పువ్వు అల్లారు, కలువలాగా ఉంటది, రెక్కలు రెండు వరసలు, పైవరస కాస్త పైకి లేచి నిలబడుద్ది, గంజి లేకుండానే. ఆ నిలబడటమే అందులో కొత్త. నేను సంబరపడిపోయి ముందూ వెనకా, కుట్టు కుట్టు కనపడేలా దగ్గరగా తీసి ఆ రాత్రే పెట్టేశాను. బాగా తిరిగింది. నెలలోపు సిటీలో ఒక బుటీక్ వాళ్ళు అదే పువ్వుతో బ్లౌజ్ చేతులు అమ్మకానికి పెట్టారు, పేరు వాళ్ళదే. మామ్మగారు నన్నేమీ అనలేదు. "పోన్లే నాయనా, ఇంకోటి అల్లుతాను" అన్నారు, అదే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

తర్వాత ఒక లాయరు ఫ్రెండు చెప్తే తెలిసింది, డిజైన్స్ చట్టం, 2000 ప్రకారం కొత్త డిజైన్ రిజిస్టర్ చేసుకుంటే పదేళ్ళు హక్కు, ఇంకో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. కానీ అప్లికేషన్ పెట్టకముందే ఎక్కడైనా బయటపెడితే కొత్తదనం పోయినట్టే లెక్క, ఇక రిజిస్టర్ అవ్వదు. అంటే నా పోస్టు వల్ల ఆవిడకి ఆ దారి కూడా మూసుకుపోయింది. అందుకని ఇప్పుడు నేను తప్పకుండా అడిగేవి ఇవి: ఇది మీ సొంత డిజైనా, పాతదా? రిజిస్టర్ చేయించే ఆలోచన ఉందా? దగ్గరగా తీసి పెట్టొచ్చా, దూరం నుంచేనా? మీ పేరు రాయనా, ఊరు మాత్రమే రాయనా? ఫోన్ నంబరు ఇవ్వొచ్చా? సొంత డిజైన్ అయితే వెనకవైపు ఫొటో నాకోసం తీసుకుంటాను, బయట పెట్టను. వెనక చూడమని ఇంతసేపు చెప్పి ఇప్పుడు పెట్టొద్దంటున్నానేంటని అడక్కండి, చూడటం వేరు, చూపించటం వేరు.

ఇంకోటి, ఏజెంటు దగ్గర పని తీసుకునేవాళ్ళు కొందరు మొహం కనపడితే పని పోద్దని భయపడతారు. చేతులు మాత్రమే తియ్యండి. చేతులే చాలు కూడాను.

7. ఫోన్‌తో తియ్యటం

కొబ్బరితోటలో వెలుతురు ఫొటోకి శత్రువు, నీడా ఎండా మచ్చలు మచ్చలుగా పడతాయి. వస్తువుని అరుగు మీదకి, చూరు నీడలోకి తెచ్చి, పొద్దున్నే తియ్యండి. తెల్ల లేసు అయితే కింద ముదురురంగు గుడ్డ పరవండి, నల్లది లేకపోతే ముదురాకుపచ్చ జాకెట్టు గుడ్డ బ్రహ్మాండంగా ఉంటది, స్క్రీన్ మీద లేసుని నొక్కి వెలుతురు కాస్త కిందకి లాగితే కుట్లు విడివిడిగా కనపడతాయి, లేకపోతే తెల్లటి ముద్ద. ఇత్తడి అయితే మీ మొహమే అందులో కనపడుద్ది, ఒకర్ని తెల్లపంచె అడ్డంగా పట్టుకోమని దాని వెనకనుంచి వెలుతురు రానివ్వండి. అజ్జరంలో నేనలా పట్టిస్తుంటే ఒకాయన "పెళ్ళికి అడ్డుతెరేంటండి, గంటకి కూడానా" అన్నాడు.

సైజు తెలిసేలా పక్కన అగ్గిపెట్టో, రూపాయి బిళ్ళో, చేసినవాళ్ళ చెయ్యో పెట్టండి. కనీసం నాలుగు ఫొటోలు: మొత్తం, దగ్గరగా, వెనక, చేస్తున్న చెయ్యి. వీడియో అయితే ఒకే పని, ఒకే షాటు, 20 నుంచి 30 సెకన్లు. పాట పెట్టకండి, మగ్గం చప్పుడు, కుండమీద తడిగుడ్డ సుర్రుమనే చప్పుడు మీ పాట కన్నా బాగుంటాయి. ఫిల్టర్లు వద్దే వద్దు, రంగు మారితే చీర కొన్నవాళ్ళు నేతగాణ్ణి తిడతారు, మిమ్మల్ని కాదు.

8. కింద ఏం రాయాలి

"అద్భుతః", "మన సంస్కృతి మన గర్వం" లాంటివి కాదు. ఏంటది, ఏ ఊరు, ఎవరు, దేంతో, ఎంతసేపు పట్టింది, ఇందులో కొత్త ఏంటి. నేను కుచ్చుకి రాసింది ఇలా ఉంది:

"ధాన్యం కుచ్చు, కోనసీమ (పాత తూర్పు గోదావరి). ఈ ఏడు కోసిన వరికంకులు, కాడలతో సహా. అల్లటానికి పొద్దున్నంతా పట్టింది. లోపల చూడండి, కాడలే తాడు. పిచ్చుకలకోసం గుడి చూరుకి కడతారు. అల్లినాయన పేరు వద్దన్నారు. అమ్మకానికి కాదు."

అంతే. అడ్డమైన హ్యాష్‌ట్యాగులు ముప్ఫై పెట్టే బదులు ఊరు, వస్తువు, పని పేరు తెలుగులో పెడితే చాలు. కళ్ళు కనపడనివాళ్ళు ఫోన్ చదివించుకుని వింటారు, వాళ్ళకోసం ఫొటో వివరం రాసే గడి ఉంటది, అది ఖాళీగా వదలొద్దు. వేరేవాళ్ళ ఫొటో అయితే అడిగి, పేరు రాసి పెట్టండి, "కర్టసీ: గూగుల్" అని రాయటం పేరు రాసినట్టు కాదు.

ధర రాయాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. రాస్తే కిందకొచ్చి "ఇంతా?" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి గంటల లెక్క చెప్పండి, ఒక్కసారి చెప్పండి, వాదించకండి.

9. పెట్టాక

పోస్టు తిరిగితే మొదటి మూడు రోజులు ఆర్డర్లు మీకే వస్తాయి. మీరు మధ్యవర్తి అవ్వొద్దు, వాళ్ళు ఒప్పుకుంటే నంబరు అడిగినవాళ్ళకి విడిగా ఇవ్వండి, బహిరంగంగా పెట్టొద్దు. నెలకి రెండు మాత్రమే చెయ్యగల మనిషికి రెండొందల ఫోన్లు వస్తే ఆ ఇంట్లో వంట కూడా అవ్వదు. అందుకే ముందే అడిగి "నెలకి ఇన్నే, ఇన్ని నెలలు ఆగాలి" అని పోస్టులోనే రాసేస్తాను. పండగ ముందు అస్సలు పెట్టను, అప్పటికే చేతినిండా పని ఉంటది.

చివర్న ఒక ఫొటో కాగితం మీద ప్రింటు తీయించి వాళ్ళకి పట్టుకెళ్ళి ఇవ్వండి. వీలైతే పోస్టు చెయ్యకముందే ఇవ్వండి, ఎందుకో చెప్తాను. కలువపువ్వు మామ్మగారిని అంత గోల తర్వాత కూడా మళ్ళీ అడిగితే సరేనన్నారు, ఈసారి పాత డిజైన్ టేబుల్ క్లాతు, అన్నీ పద్ధతిగా అడిగి, తీసి, పెట్టి, వారం తర్వాత ప్రింటు పట్టుకెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని, ఫొటోని గుమ్మం దగ్గర వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశారు. నేను మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"మూడో వరసలో కుట్టు జారింది, ఇదిగో. ఊరందరికీ ఇదే చూపించావా?"

అదే రోజు పోస్టు తీసేశాను. ఆవిడ ఆ వరస విప్పి మళ్ళీ అల్లటానికి రెండు రోజులు పట్టింది, మూడో రోజు వెళ్ళి మళ్ళీ తీశాను.